వెలగని ముల్లు

"అది పాప నోట్లకు పోయిందేమో శేఖర్. పోయుంటె ఏం చెయ్యాలె?"

ఫోన్ అవతల బస్సు హారన్లు మోగుతున్నాయి. జనగామలో మందుల షాపుల వెంట ఎండలో తిరుగుతున్న శేఖర్‌కు సగం మాటే వినపడింది.

"ఏం మింగింది? రూపాయి బిళ్ళా?"

"కాదు. రేడియం."

"రేడియమా? మనింట్లకు రేడియం ఏడికెళ్ళి వచ్చింది సుకన్యా?"

"మనింట్లకు కాదు, కింద. పెద్దబాపు పాత గడియారం ముల్లును బ్లేడుతోని గీకుతాండు. చిట్టి పక్కనే కూసోని ఏలు నోట్ల పెట్టుకుంది. నా కండ్లతోని చూసిన."

మాట్లాడుతూనే సుకన్య కూతురి చేతిని మళ్ళీ కుళాయి కింద పెట్టి సబ్బు రాసింది. మూడేళ్ళు నిండని చిట్టికి ఇదేదో కొత్త ఆటలా ఉంది. నురగను ఊదుతూ నవ్వుతోంది. శేఖర్ ఏదో సర్దిచెప్పబోయాడు కానీ, సుకన్యకు అది వినే ఓపిక లేదు.

సుకన్య హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తెలిసినదాన్ని చూసి భయపడనక్కర్లేదని పిల్లలకు క్లాసులో చెప్పే మనిషే. ఆ మధ్యాహ్నం మాత్రం తెలిసిన ప్రతి ముక్కా ఆమె భయాన్ని ఇంకొంచెం పెంచింది. రేడియం సగం కావడానికి పదహారు వందల ఏళ్ళు పడుతుంది. ఒంట్లోకి పోతే అది కాల్షియంలా నటించి ఎముకల్లో చేరుతుంది. చిట్టివి ఇంకా ఎదిగే ఎముకలు. ఇంతవరకూ ఆలోచించి, అక్కడినుంచి ముందుకు పోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆమె పెద్దబాపు అని పిలిచే ఉప్పలయ్య ఆ ఇంటి యజమాని. వరసకు చుట్టమేమీ కాదు. మట్టెవాడ సందులో కింద ఆయనా భార్య రాజక్కా ఉంటారు, పైన రెండు గదుల్లో సుకన్య వాళ్ళు అద్దెకుంటారు. పొద్దున కాలేజీకి పోతూ చిట్టిని కింద వదిలితే, మధ్యాహ్నం వచ్చేసరికి పాప అన్నం తిని, రాజక్క కొంగు పట్టుకుని తిరుగుతూ ఉండేది. బజారులో ఉన్న పిల్లల సెంటర్‌ను సుకన్య ఒకసారి చూసి వచ్చింది. తలుపు మూసిన గదిలో టీవీ ముందు వరసగా కూర్చోబెట్టిన పిల్లల్ని చూశాక ఇంకోసారి అటు పోలేదు. భర్త శేఖర్ మందుల కంపెనీ పని మీద వారంలో నాలుగు రోజులు ఊళ్ళ మీదే ఉంటాడు. కింది ఇల్లు లేకపోతే ఆమె ఉద్యోగం లేనట్టే.

ఉప్పలయ్య ఎనుమాముల మార్కెట్లో, రైతుల పంట అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. ఆయన పనల్లా కాంటా పక్కన నిలబడి బస్తా బరువును యార్డంతా వినపడేలా అరిచి చెప్పడం. మిర్చి సీజన్‌లో ఘాటుకు కళ్ళు మండుతుండగా, హమాలీల కేకలకూ లారీల చప్పుడుకూ పైన తన గొంతు వినిపించాలి. అలా అరిచి అరిచి గొంతు గీరుకుపోయి, ఇంట్లో మామూలుగా మాట్లాడినా జలుబు చేసినవాడిలా ఉంటాడు.

సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో మార్కెట్లో మనుషుల చేతుల మీది గడియారాలు మాయమైపోయాయి. మొదట దుకాణానికి వచ్చే ఒక మాస్టారు తన వాచీ తీసి, "ఇంట్ల ఊకెనే పడి ఉంటది, నువ్వు పెట్టుకో ఉప్పలయ్యా" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఉప్పలయ్య దాన్ని చెవికి ఆనించుకున్నాడు. పొద్దంతా కేకలతో నిండిన చెవిలోకి ఆ చిన్న చప్పుడు చల్లటి నీళ్ళలా దిగిందట. అప్పటినుంచి ఎవరి దగ్గర పాత గడియారం ఉందన్నా పోయి చూసేవాడు. ఇస్తే తెచ్చుకునేవాడు, ఇవ్వకపోతే ఒకసారి చెవికి పెట్టుకుని తిరిగి ఇచ్చేవాడు.

అలా చీరల కోసం చేయించిన అద్దాల బీరువా గడియారాలతో నిండిపోయింది. చాలావరకు హెచ్ఎంటీలు, కొన్ని అంతకంటే పాత స్విస్‌వి. వాటిని కంపెనీ పేర్లతో పిలవడం ఆయనకు అలవాటు లేదు. "గది చిలుకమ్మ పెనిమిటిది, పెండ్లిల పెట్టింది. గిది మాస్టారుది. గా సిమెంటు రంగుది రైల్వే గార్డుది" అనేవాడు. హైదరాబాద్ నుంచి ఒక కుర్ర వ్యాపారి కారులో వచ్చి మంచి బేరమాడినప్పుడు కూడా, "మనుషుల పేర్లు చెప్పిన గద, మనుషులనెట్ల అమ్ముత?" అని చాయ్ తాగించి పంపాడు.

"ఇంటినిండ గడియారాలే, అన్నం యాళ్ళకు మాత్రం రాడు" అని రాజక్క ఎత్తిపొడిచేది. అందులో అబద్ధం లేదు. ఏ రెండు గడియారాలూ ఒక్క టైం చూపించవు. ఎవరైనా టైం అడిగితే, "ఫోన్ల చూసుకోరాదు" అనేది ఆయన జవాబు.

ఈ మధ్య మాత్రం ఆ సంబరంలో అలసట చేరింది. పొద్దున లేచి ఒక్కొక్కదానికీ చాబీ ఇవ్వాలి. బొటనవేలి చర్మం కాయకాసింది. ఆగకుండా నడిచినవాటికి నూనె ఆరిపోతుంది, ఊరికే ఉంచినవాటికి తుప్పు పడుతుంది. చౌరస్తా దగ్గర ఉన్న ఆఖరి రిపేరు మనిషి కూడా దుకాణం మార్చి ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడు. చేతులు వణుకుతున్నా ఉప్పలయ్య తానే వాటిని విప్పడం మొదలుపెట్టాడు. "ఇయ్యి నా దగ్గర ఉన్నయనుకున్న బిడ్డా, నేనే వీటి దగ్గర నౌకరీకున్న" అని ఒకసారి సుకన్యతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, చెప్పేటప్పుడు బొటనవేలిని రుద్దుకుంటున్నాడు.

చిట్టి చేతులు తుడిచి, గౌను మార్చి, విప్పినదాన్ని కవర్లో కట్టి సుకన్య కిందికి దిగేసరికి ఆయన వరండాలో ఇంకా అదే పనిలో ఉన్నాడు. కంటికి భూతద్దం, ముందు పరిచిన పేపరు, దాని మీద పసుపు పొడి.

"పెద్దబాపు, చెయ్యి ఆపు. జర ఆపు."

"ఏమైంది బిడ్డా?"

"అది రేడియం."

ఉప్పలయ్య భూతద్దం తీసి నవ్వాడు. "అది సచ్చిపోయి ఎన్నేండ్లాయె. సీకట్ల పెట్టినా ఎలుగుతలేదు. అందుకేనాయె గీకుతాన్న. కొత్త రంగు తెప్పిచ్చిన. నీ బిడ్డ 'మిణుగురు గడియారం' అని పానం తీస్తాంది. రంగు పూసి దుప్పట్ల దాసి చూపిస్తనన్న."

"వెలుగేటిది సచ్చింది పెద్దబాపు. రేడియం సావలే. దాని ఎంబడి కలిపిన మందు కాలిపోయి వెలుగు పోతది, అంతే. అది మాత్రం అట్లనే ఉంటది. ఈ పొడి గాలికి లేస్తది, నోట్లకు పోతది."

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. చేతిలో బ్లేడును మెల్లగా పేపరు మీద పెట్టాడు. తన వేళ్ళను చూసుకున్నాడు. తర్వాత మెట్ల మీద నిలబడ్డ చిట్టిని చూశాడు.

చప్పుడుకు లోపలినుంచి వచ్చిన రాజక్క సంగతి విని భగ్గుమంది. "అయితే నా ఇల్లు ఇసమైందా ఇప్పుడు? ఇన్ని దినాలు నీ బిడ్డను ఈ ఇసంలనే పెంచిన్నా?"

"గట్లంటలేను పెద్దమ్మా."

"గట్లనే అంటానవ్." అంటూనే ఆమె చీపురు అందుకుంది. సుకన్య చీపురు పట్టుకుని ఆపేసింది. ఊడిస్తే పొడి లేస్తుందని, తడిబట్టతో తుడిచి ఆ బట్టను కూడా కవర్లో కట్టాలని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా తనే మోకాళ్ళ మీద కూర్చుని తుడవసాగింది. కాసేపు చూసి, రాజక్క గొణుక్కుంటూనే ఇంకో బట్ట తడిపి తెచ్చింది.

మరునాడు సుకన్య తను చదువుకున్న కాలేజీకి పోయింది. ఒక చంకలో చిట్టి, సంచీలో కవర్లలో కట్టిన గౌనూ, పేపరూ. ఆటోలో పక్కనే, ఒళ్ళో బిస్కెట్ డబ్బా పెట్టుకుని ఉప్పలయ్య. డబ్బాలో బీరువాలోని రేడియం కాలంనాటి స్విస్ గడియారాలన్నీ ఉన్నాయి.

అక్కడ తనకు పాఠం చెప్పిన శోభారాణి మేడం ఫిజిక్స్ ల్యాబ్‌లో, రేడియేషన్‌ను పసిగట్టే పాత గైగర్ కౌంటర్‌ను బయటికి తీసింది. ఖాళీ గదిలో కూడా అది అప్పుడొకటి, ఇప్పుడొకటి టక్కుమంటుంది. అది అన్నిచోట్లా ఉండేదేనని ముందే చెప్పింది. చిట్టి చేతుల దగ్గర, మూతి దగ్గర, జుట్టు దగ్గర పెట్టింది. టక్... టక్. మామూలే. నిన్నటి గౌను దగ్గర కూడా మామూలే. పేపరు దగ్గర కొంచెం జోరందుకుంది. బ్లేడు పడిన గడియారం దగ్గర పెట్టగానే పెనంలో ఆవాలు చిటపటలాడినట్టు మోగింది.

ఉప్పలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "అది ఆగిపోయిన వాచీ మేడం. చాబీ ఇయ్యలేదు. అయినా గట్ల కొట్టుకుంటాందా?"

ఒక్కొక్కటే పెట్టి చూశారు. దాంతో కలిపి మూడు గడియారాలు అలాగే చిటపటలాడాయి. నాలుగోది తెల్లటి డయల్‌తో కొత్తదానిలా మెరుస్తోంది. దాని దగ్గర యంత్రం పలకలేదు.

"దీనికి లేదు. డయల్ మార్చినట్టున్నరు" అంది మేడం.

"అవు. నేనే తీపిచ్చిన" అన్నాడు ఉప్పలయ్య. ఆ గడియారాన్ని డబ్బాలో అడుగున పెట్టి మూత వేశాడు.

సుకన్య అడగాల్సింది అడిగింది. లోపలికి పోయిందా లేదా?

"అది ఈ యంత్రం చెప్పలేదు సుకన్యా. పోతే గీతే పిసరంత పోయి ఉంటుంది. చేతికీ, గౌనుకూ అంటలేదంటే అది కూడా పోలేదనే అనుకో. డాక్టర్‌కు చూపించు, తర్వాత మర్చిపో."

"మర్చిపోవుడు ఎట్ల మేడం?"

శోభారాణి యంత్రాన్ని ఆపేసింది. గడియారాల సంగతి చెప్పింది. మూతలు తీయకుండా ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళకు ఫరవాలేదు, కానీ పసిపిల్ల తిరిగేచోట వద్దు. ఇస్తే ల్యాబ్‌లో తాళం కింద ఉంచుకుంటాం, విద్యార్థులకు చూపించడానికి పనికొస్తాయి.

ఉప్పలయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు. మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టాడు. మార్కెట్లో బరువు చెప్పినట్టు గట్టిగా కాదు, గొంతులోనే చెప్పాడు. "గిది మాస్టారుది. నా మొదటిది. గిది గార్డుది, కాజీపేట. గిది సమ్మమ్మ మామది, ఆయన పటాలంల పనిజేసిండు. మీ పిల్లలకు రేడియం అని చెప్పుండ్రి గని, జర పేర్లు గూడ చెప్పుండ్రి."

చెబుతానంది మేడం. ఆయన చొక్కా చేతిని కిందికి లాగి వాటి అద్దాలు తుడవబోయాడు. గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే సుకన్య పిల్లల దవాఖానకు పోయింది. డాక్టర్ ఓపికగా అంతా విని, బరువు చూసి, కళ్ళు చూసి, ఇప్పుడు చేయాల్సిందేమీ లేదన్నాడు. "తిననివ్వండి, ఆడనివ్వండి" అన్నాడు. సుకన్యకు కావలసింది ఆ మాట కాదు. ఏమీ పోలేదని ఎవరైనా రాసి ఇవ్వాలి. అలా రాసిచ్చే యంత్రం ఊళ్ళో ఎక్కడా లేదు.

ఆమె కాలేజీకి సెలవు పెట్టి చిట్టిని పైనే ఉంచుకుంది. నిద్రలో పిల్ల పళ్ళ మీద టార్చి వేసి చూసేది. మోకాలు గీరుకుంటే ఎముక నొప్పేమోనని కాలంతా నొక్కి నొక్కి చూసేది. తిన్న ముద్దలు లెక్కపెట్టేది. శేఖర్ ఊళ్ళ నుంచి వచ్చి, "నువ్వు తిన్నవా?" అని అడిగితే గుర్తుండేది కాదు. రోజు గడిచేసరికి ఒళ్ళు పిండేసినట్టయ్యేది, నిద్ర మాత్రం పట్టేది కాదు. చిట్టి మెట్ల తలుపు దగ్గర నిలబడి "తాతా" అని పిలుస్తుంటే, కిందనుంచి జవాబు వచ్చేది కాదు. పలికితే సుకన్యకు ఇబ్బందని వాళ్ళు ఊరుకుంటున్నారని ఆమెకూ తెలుసు.

ఒకరోజు రాజక్క పైకి వచ్చింది. పప్పు గిన్నె పెట్టి, కూర్చోకుండానే, "ముసలాయన అన్నం సరిగ తింటలేడు" అంది.

"నేను ఆయన్ను ఏమనలే పెద్దమ్మా."

"నువ్వంటె తినేటోడే. అనకపాయెనని తింటలేడు." ఇక కూర్చుంది. "ఎల్లస్వామి అని ఒకాయన ఉండె. పర్కాల దిక్కు రైతు. వాళ్ళ నాయిన గడియారం ఈయన దగ్గర పెట్టి, పంటైనంక తీస్కపోతనన్నడు. పానం బాగలేక రెండు మూడేండ్లు రాలే. ఈయనకేమో మనసాగలే. డయల్ పాత చాయ్ రంగు అయ్యిందని, హైదరాబాద్ పంపి తెల్లగ చేపిచ్చిండు. ఎనుక మూత గూడ పాలిష్ పట్టిచ్చిండు. ఎల్లస్వామి చూసి సంబురపడుతడని రోజూ తుడుసుకుంట కూసునేది."

"పడలేదా?"

"ఆయన వచ్చి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, 'ఇది నాది గాదు ఉప్పలయ్యా' అన్నడు. ఎనుక మూత మీద వాళ్ళ నాయిన మొలతోని గీకి పేరు రాసుకున్నడట. పాలిష్‌ల పాయె. డయల్ మీద చెమట మచ్చ ఉండెనట. అదీ పాయె. 'నాది అమ్ముకోని ఇంకోటి ఇస్తానవ్. మంచిది నాకెందుకే, నాది నాకియ్యి' అని పెట్టేసి పోయిండు. మళ్ళ ఆ దుకాణం మొకాన రాలే. ఈయన రెండుసార్లు వాళ్ళ ఊరికి పోయిండు. తలుపు తియ్యలేదట."

తెల్లటి డయల్ గడియారాన్ని డబ్బాలో అడుగున పెట్టిన ఆయన చేయి సుకన్య కళ్ళముందు మెదిలింది.

"ఇప్పుడేమో నీ బిడ్డ" అంది రాజక్క లేస్తూ. "ఎవలకన్న సంబురం చేద్దామనుకుంటెనే ఈయనకు గిట్లయితది. కర్మ."

కాలేజీనుంచి ఫోన్ వచ్చింది. పరీక్షలు దగ్గరికొచ్చాయి, సోమవారం రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామని కాస్త మర్యాదగానే చెప్పారు. సుకన్య బజారులోని పిల్లల సెంటర్‌కు ఫోన్ చేసి, అవతల ఎవరో ఎత్తేలోపు పెట్టేసింది.

ఆదివారం పొద్దెక్కాక మెట్ల మీద మెల్లగా అడుగుల చప్పుడు వినిపించింది. మోకాళ్ళ నొప్పితో ఉప్పలయ్య పైకి రావడం ఎప్పుడో గానీ ఉండదు. గుమ్మం బయటే ఆగి, "రావచ్చునా?" అని అడిగాడు. ఇంతకుముందెప్పుడూ ఆయన అలా అడగలేదు.

"గట్లెందుకడుగుతవ్ పెద్దబాపు, రా."

చిట్టి ఉరికివచ్చి ఆయన కాలు పట్టుకుంది. ఆయన ఎత్తుకోకుండా సుకన్య మొహంలోకి చూశాడు. ఆమె తల ఊపాక ఎత్తుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"గడియారాలు ఇప్పి చూసుడు బంద్ చేసిన. అంగట్ల ఒకాయనకు రిపేరు సామానంత ఇచ్చేసిన. ఉన్నయి ఉన్నట్టు నడిస్తె నడుస్తయి, ఆగితె ఆగుతయి. వరండ మీ మేడం చెప్పినట్టే కడిగినం. నమ్మకం లేకుంటె ఆ టక్కుమనే డబ్బ తెచ్చి పెట్టి చూసుకో. నువ్వు చిట్టిని కిందికి తోల్తవో లేదో నీ ఇష్టం. నేను అడగ రాలే."

"మరి?"

ఆయన చిట్టి మోకాలి వైపు చూశాడు. సుకన్య నొక్కి నొక్కి చూసినచోట చిన్న ఎర్రటి గుర్తు ఉంది.

"పొల్ల ఏడుస్తాంటె కిందికి ఇనవడుతాంది. దాన్ని నువ్వు పొద్దంత చూస్తానవ్ గద."

"భయమైతాంది పెద్దబాపు."

"నాకు లేదా?" అన్నాడు. "నేను చేసిన పనే గద. కని ఒక్కటి చెప్త, ఇంటె ఇను. గడియారం ఖరాబ్ అయ్యిందేమో అని మూత తీసి చూసుడు నాకు అలవాటుండె. తీసినప్పుడల్ల ఇంత దుమ్ము లోపటికి పోయేది. గట్ల చూసి చూసి, మంచిగ నడిచేటియే ఖరాబ్ చేసుకున్న. ఎల్లస్వామిది గూడ మంచిగనే నడిచేది."

చిట్టి ఆయన జేబులో చేయి పెట్టి వెతుకుతోంది. జేబు ఖాళీగా ఉంది.

"పొద్దుగాల ఒక్కసారి చూడు బిడ్డా. మనసు పెట్టి చూడు. మంచిగుంటె ఇగ ఆ దినం మళ్ళ ముట్టకు. దాని పని దాన్ని చేసుకోనియ్యి."

సుకన్యకు ఆ మాటతో భయం పోలేదు. సైన్సు లెక్కన అది పోవలసిన భయం కూడా కాదు. పోయిందో లేదో తెలియని పిసరంత పొడి ఎప్పటికీ తెలియకుండానే ఉంటుంది. కానీ ఆమె చాలా అలసిపోయి ఉంది. కళ్ళు మండుతున్నాయి. ఆ పెద్దమనిషి చెప్పినదాంట్లో కనీసం చేయగలిగిన పని ఒకటి ఉంది.

సోమవారం పొద్దున చిట్టికి స్నానం చేయిస్తూ నెత్తి నుంచి పాదాల దాకా ఒక్కసారి చూసింది. కళ్ళు, నోరు, మోకాళ్ళు. తడి తుడిచి, గౌను తొడిగి, మెట్లు దింపి రాజక్క చేతికి ఇచ్చింది. "ఎనిమిదింటికి ఇడ్లీ తిన్నది" అని మాత్రం చెప్పి, కాలేజీకి పోయింది. పరీక్షలైపోయాయి, వేసవి వచ్చి పోయింది, కాలేజీ మళ్ళీ తెరిచారు. ఇప్పటికీ ఆమె అంతే చేస్తోంది. పొద్దున ఒక్కసారి, మనసు పెట్టి చూస్తుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా, చేయి ఎంత లాగినా, మళ్ళీ చూడదు.